మహాతల్లికి మంచినీళ్ళు

ఫిబ్రవరి 11

ఏమండీ, ఉప్పునీళ్ళకి గులాబి అలుగుతుందే కానీ చావదని మీరు అనేవారు. తప్పు. అలిగేది మీరు. గులాబి చస్తుంది.

ముందు పాత ఆకుల అంచులు మాడతాయి, ఎవరో అగ్గిపుల్లతో చుట్టూ గీసినట్టు. తరవాత మొగ్గ బఠాణీ గింజంత అయ్యి అక్కడే ఆగిపోతుంది. విచ్చుకోదు, రాలదు. ఒకరోజు మెడ వాల్చేస్తుంది. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పిన రోజుల్లో నేనే బల్లగుద్ది చెప్పేదాన్ని: నీరు ఎప్పుడూ ఉప్పు ఎక్కువున్న వైపే నడుస్తుంది, మట్టిలో ఉప్పు పెరిగితే వేరు తాగడం మాట అటుంచి, ఉన్నది పోగొట్టుకుంటుంది. తడిలో నిలబడి దాహంతో చావడమన్నమాట. పరీక్షలో అది చిన్న ప్రశ్న. పిల్లలు దాన్ని వదిలేసేవాళ్ళు.

మీరు పోయి ఏడాది దాటింది కనక ఈ సవరణ మీ చెవిన పడదు. ఈ పుస్తకం నాకోసమే. కాకపోతే మీతో వాదిస్తేగానీ నాకు వాక్యం నడవదు. అదొక జబ్బు.

కిందటి నెల మన నర్సరీ బోరు ఇంకా లోతుకి దింపారు. నీళ్ళు పడ్డాయని అల్లుడు ఎగిరి గంతేశాడు. మర్నాటికి బకెట్టు అంచున తెల్లటి పొర కట్టింది. వేలితో తీసి నాలిక్కి రాసుకున్నాను. అల్లుడి మొహం చూశాను. తనూ అప్పటికే రాసుకున్నాడు.

ఫిబ్రవరి 13

జెర్బెరాలు ముందు పోయాయి. వాటి వెనకే జీనియాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. మా దగ్గర కాలినవే ఆకులు, ఇక పట్టుకోవడానికేం ఉంది?

మహాతల్లి మాత్రం బాగానే ఉంది. పంపు పక్కన, మీ పెద్ద కుండీలోనే. తెల్లవారినప్పుడు గంధం రంగులో విచ్చుకుని, పొద్దెక్కేకొద్దీ అంచులు ఎర్రబారే గులాబి ఇంకెక్కడా లేదు. మీరు పుప్పొడి అద్ది పుట్టించిన ఒక్కగానొక్క మొక్క. పేరు పెట్టండి మొర్రో అంటే మూడేళ్ళ పూలు చూస్తేగానీ పెట్టనన్నారు. గుణం తేలేదాకా అంటు కట్టొద్దన్నారు. మీరు పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు. రెండేళ్ళ పూలు చూసి వెళ్ళిపోయారు. ఆ ఏడు అది పుయ్యలేదు. యాదృచ్ఛికం. రసాయనశాస్త్రంలో శోకమనే పదార్థం లేదు.

తరవాత అల్లుడు కొమ్మలు కోసి మట్టిలో గుచ్చి చూశాడు. ఒక్కటీ వేరు పట్టలేదు. కాబట్టి ఉన్నది ఇదే. దాని వేషాలు భరించలేక మేం పెట్టుకున్న పేరు ఉండనే ఉంది, మహాతల్లి అని.

ఫిబ్రవరి 16

అమ్మాయి ఇవాళ కొట్లో కుండీలు సర్దుతూ, నా వైపు చూడకుండా అంది:

"అమ్మా, మహాతల్లి కొమ్మలు నాలుగు ఆ నదివైపు నర్సరీ ఆయనకి పంపిద్దాం. ఆయన దగ్గర నది నీళ్ళున్నాయి. అంటు కట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి."

"వాడి చేతికా?"

"వాడూ వీడూ ఏంటమ్మా, నీకన్నా పెద్దాయన."

"వయసులో పెద్దే. దొంగతనంలో ఇంకా పెద్ద."

"నాన్నే కదా పుప్పొడి ఇచ్చింది?"

"స్నేహానికి ఇచ్చారు. ఆ పుప్పొడితో పుట్టించిన గులాబికి తన పేరు పెట్టుకుని పూల ప్రదర్శనలో కప్పు కొట్టమని ఇవ్వలేదు."

"అదెప్పటి మాటమ్మా! నేనప్పుడు జడలేసుకుని తిరుగుతున్నా."

"ఇప్పుడు ఇదీ పంపితే దీనికీ ఆయన పేరే. మీ నాన్న పెట్టకుండా దాచుకున్న పేరు పుప్పొడి దొంగ పెడతాడా? ఇది ఇక్కడే బతుకుతుంది."

"ఏ నీళ్ళతో?"

నేను పంపు దగ్గరికి వెళ్ళి మహాతల్లి పాదు తడిమి చూశాను.

ఫిబ్రవరి 17

మంచినీళ్ళ బండివాడు ఈ వేసవంతా ఇంటికి ఒక్క క్యానే ఇస్తాడట. బతిమాలితే నవ్వుతాడు గానీ రెండోది దించడు. అమ్మాయి రాత్రే అందరి సీసాలూ నింపి వంటింటి గట్టుమీద వరసగా పెడుతోంది. అల్లుడిది నీలం మూత, మనవరాలిది ఎర్రమూత, నా సీసా మూతకేమో దారం కట్టింది, పారేసుకుంటానని.

నా వంతు సీసా నా ఇష్టం.

ఫిబ్రవరి 18

ఎవరూ లేవకముందే నా సీసా మహాతల్లికి పోసేశాను. ఖాళీ సీసాలో బోరు నీళ్ళు పట్టుకున్నాను. ఈపాటి ఉప్పు తాగినవాళ్ళెవరూ చచ్చిపోలేదు. రక్తపోటు ఉంది, ఉప్పు మానెయ్యమన్న డాక్టరు తినే ఉప్పు సంగతి చెప్పాడు. నీళ్ళ ఊసెత్తలేదు.

టీ చిక్కగా పెట్టుకుంటే ఏమీ తెలియదు.

ఫిబ్రవరి 19

అల్లుడితో చెప్పాను: "మహాతల్లి సంగతి నేను చూసుకుంటా నాయనా, నువ్వు ముట్టుకోకు."

"సరే అత్తయ్యగారూ" అన్నాడు.

మంచివాడు. వాగుడెక్కువ, వినికిడి తక్కువ.

ఫిబ్రవరి 23

చిగురు వచ్చింది! మొదట్లో ఎర్రగా, పసిపిల్ల పెదవిలా ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎలా వచ్చిందని అడుగుతారు.

ఫిబ్రవరి 26

చిగురు నిలబడింది. పొద్దున పోసిన సీసాడు నీళ్ళకే సాయంత్రం దాకా మట్టి తడిగా ఉంటోంది. ఈ ఎండలో! మంచినీళ్ళ మహిమ.

కుండీ అంచున తెల్లగా ఏదో కడుతోంది. సున్నం అయి ఉంటుంది. పాత కుండీ కదా.

మార్చి 1

చెప్పులు బిగుతైపోయాయి. మొన్నమొన్న కొన్నవి. ఇప్పటి తోలు ఇంతే, ఎండ తగిలితే ముడుచుకుపోతుంది.

మార్చి 4

అల్లుడు ఊరంతా తిరిగి ఉప్పు కొలిచే మీటరు ఒకటి తెచ్చాడు. పెన్నులా ఉంటుంది. కనిపించిన ప్రతి నీళ్ళలోనూ ముంచుతున్నాడు. చేపలతొట్టిలో ముంచాడు, మొహం కడుక్కున్న మగ్గులో ముంచాడు. నా సీసా వైపు రాబోతే టీ పెట్టమని పంపించేశాను. ఆ టీలో కూడా ముంచి చూసుకున్నాడు.

భోజనాల దగ్గర ప్రకటించాడు: "అత్తయ్యగారూ, ఇక గులాబీలూ జెర్బెరాలూ మర్చిపోదాం. బోగన్‌విలియా, బిళ్ళగన్నేరు, గన్నేరు. వీటికి ఉప్పు లెక్కే కాదు."

"కాగితప్పూలు అమ్ముకుని బతకాలా?"

"కాగితప్పూలన్నా పూస్తున్నాయి కదండీ."

"గన్నేరుకి ఉప్పెందుకు లెక్క? ఒళ్ళంతా విషమే. విషమున్నవాటిని ఏ ఉప్పూ ఏమీ చెయ్యదు" అన్నాను.

మనవరాలు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అంది: "అందుకేనా అమ్మమ్మా, ఈ వయసులో నువ్వింత బాగున్నావు?"

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పిల్ల నోరు నా పోలికే. ఇంట్లో ఎవరికీ పేర్లు పెట్టాల్సిన పనిలేదు, తనే పెడుతుంది.

నవ్వాక కాస్త ఆయాసం వచ్చింది. చాలా రోజులకి నవ్వాను కదా.

మార్చి 6

ఉంగరం వేలికి బిగుసుకుపోయింది. సబ్బు రాసినా రాలేదు. ఎండకి బంగారం వ్యాకోచించాలి, ముడుచుకోకూడదు. ఆలోచిస్తే ఇంకేదో తేలుతుంది. ఆలోచించను.

చిగురు ఉంది. చివర కొంచెం నల్లబడింది. గాలికి రాచుకుని ఉంటుంది.

మార్చి 9

మొగ్గ! నిజంగానే మొగ్గ. మీ మూడో ఏడు పువ్వు. పేరు కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఇక్కడ రాయను. విచ్చుకున్నాక రాస్తాను.

మార్చి 10

మొగ్గ ఉంది. బఠాణీ గింజంత.

మార్చి 11

మొగ్గ ఉంది.

మార్చి 12

అంతే ఉంది. మేడమెట్లు ఎక్కుతుంటే రెండుచోట్ల ఆగాల్సి వచ్చింది. మెట్లు మరీ నిటారుగా కట్టారు. మీరే కట్టించారు.

మార్చి 15

జరిగింది జరిగినట్టు రాయాలి. నిదానంగా రాస్తాను.

మధ్యాహ్నం మొక్కల బండి ఖాళీ చేసి వచ్చాడు అల్లుడు. చెమటలు కారిపోతున్నాయి. తన సీసా అయిపోయింది. గట్టుమీద దారం కట్టిన సీసా కనిపించింది. "ఒక్క గుక్క అత్తయ్యగారూ" అంటూనే ఎత్తాడు. నేను లేచేలోపే నోట్లో పోసుకున్నాడు. ఉమ్మెయ్యలేదు. మింగేసి సీసా వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆ మీటరు జేబులోనే ఉంది, తియ్యలేదు. అక్కర్లేకపోయింది.

"ఇవి బోరు నీళ్ళండీ."

"సీసా కడిగినట్టున్నారు" అన్నాను.

"కడిగిన రుచి కాదిది. ఎన్నాళ్ళనుంచి?"

అల్లుడు నా కాళ్ళ వైపు చూశాడు. చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కున్నాను. ఈలోపు అమ్మాయి వచ్చింది.

"ఏమైంది?"

"అత్తయ్యగారు బోరు నీళ్ళు తాగుతున్నారు. తన వంతు క్యాను నీళ్ళు..." అని ఆగి, కిటికీలోంచి పంపు వైపు చూశాడు. మనిషికి మాట పొదుపు లేకపోయినా బుర్రకి లోటు లేదు. "మహాతల్లికా?"

"దాన్ని ముట్టుకోవద్దన్నాను కదా. నేను చూసుకుంటున్నాను. చిగురేసింది, మొగ్గ తొడిగింది. మీ మీటర్లతో అయ్యే పని కాదు" అన్నాను. ఎందుకన్నానో, ఆ మాటలో గర్వం కూడా ఉంది.

అల్లుడి మొహం తెల్లబోయింది. కుర్చీలో కూలబడ్డాడు.

"నేనూ పోస్తున్నానండీ."

"ఏంటి పోస్తున్నావు?"

"రోజూ సాయంత్రం అర బకెట్టు. మీరు బకెట్టు ఎత్తలేక దాన్ని ఎండబెడుతున్నారేమో అనుకున్నా. చెబితే చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదు."

"ఏ నీళ్ళు?"

"ఇంకే నీళ్ళున్నాయండీ మన దగ్గర?"

"రోజూనా?"

"ఒక్కరోజు కూడా మానలేదు" అన్నాడు, ఏడుపు గొంతుతో.

సాయంత్రానికి కూడా తడిగా ఉన్న మట్టి. కుండీ అంచున సున్నం. ఇద్దరం దొంగచాటుగా ఒకే మొక్కకి సేవ చేశాం. నేను పొద్దున సీసాడు మంచినీళ్ళు పోస్తే అతను సాయంత్రం అర బకెట్టు ఉప్పు పోశాడు. నీటి నడక మీద అన్నేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, కుండీ అంచున పేరుకున్నది ఉప్పని తెలుసుకోవడానికి నాలిక చాపలేదు. బకెట్టు అంచుకి చాపాను గానీ మీ కుండీకి చాపలేదు.

అమ్మాయి తిట్టలేదు. తిడితే బాగుండేది. నేలమీద కూర్చుని నా పాదం మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. అందరం ఆ గుంట వైపే చూస్తూ కూర్చున్నాం.

మార్చి 22

ఆసుపత్రినుంచి తీసుకొచ్చారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. మట్టినిండా నీళ్ళుండి కూడా మహాతల్లికి అందలేదు. నాకేమో చేరకూడని చోటల్లా చేరాయి.

"ఉప్పెక్కువ తిన్నారా?" అని అడిగాడు డాక్టరు.

"తినలేదు, తాగాను" అన్నాను.

జోకనుకున్నాడు. అమ్మాయి చెప్పాక పెన్ను కింద పెట్టాడు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగుతాడంటారు. నీళ్ళు తాగి ఉప్పు తిన్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఇప్పుడు రోజుకిన్ని గుక్కలని నీళ్ళకీ కొలత పెట్టాడు. గుండె పాతబడిపోయిందట, ఇకమీదట జాగ్రత్త అన్నాడు. ఎంతకాలం జాగ్రత్త అని అడిగితే కిటికీ తెరలు సర్దాడు. ఆ తెరలు సరిగానే ఉన్నాయి.

ఉంగరం కోసి తీశారు. దిండు కింద పెట్టుకున్నాను.

మార్చి 23

మంచం కిటికీ పక్కకి జరిపించాను. పంపు కనిపిస్తుంది.

మొగ్గ లేదు. పై కొమ్మలన్నీ గోధుమరంగుకి తిరిగాయి. అడుగున ఒక్క కొమ్మ పచ్చగా ఉంది. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు అల్లుడు పై మట్టి తీసి మార్చి, క్యాను క్యానంతా దాని పాదులో కుమ్మరించాడట, ఉప్పు కిందికి కడుక్కుపోతుందని. ఆ రోజు ఇంట్లో ఎవరూ నీళ్ళు తాగలేదని మనవరాలు చెప్పింది. "నాన్న టీ కూడా అడగలేదు అమ్మమ్మా, నీకర్థమవుతోందా?" అంది.

ఆ పని నెల ముందు చెయ్యాల్సింది. నెల ముందు ఆ కుండీ దగ్గర నేను కాపలా ఉన్నాను.

అమ్మాయి మందులిస్తూ అంది: "నదివైపు ఆయనకి ఫోన్ చేశాను. నువ్వు తిట్టినా సరే."

తిట్టలేదు. ఊపిరి దాచుకోమన్నారు.

"ఏమన్నాడు?"

"తను వస్తే నువ్వు గేటు తియ్యవట. ఆ పచ్చికొమ్మ వెంటనే పంపమన్నాడు. అదీ ఎండితే అంటు కట్టడానికి చిగురేసే కన్ను దొరకదట. చీటీమీద ఏం పేరు రాసుకోవాలని అడిగాడు."

"పేరు అడిగాడా?"

"అడిగాడమ్మా."

"తన పేరు పెట్టుకుంటానన్లేదూ?"

"నాన్న ఏమనుకున్నాడో కనుక్కోమన్నాడు."

గోడవైపు తిరిగి పడుకున్నాను. తను మంచం అంచున కూర్చుంది.

"అమ్మా, నాన్న మొక్క పోతే ఇద్దరం కలిసి ఏడుద్దాం. నువ్వు పోతే నేనెవరి పక్కన కూర్చుని ఏడవను?"

"మీ ఆయన ఉన్నాడుగా. ఏడుపులో నీకన్నా దిట్ట" అన్నాను. నవ్వించలేకపోయాను.

మార్చి 24

ఆ కొమ్మ కోస్తే తల్లి మొక్క ఉండదు. వదిలేస్తే అదీ కొమ్మా రెండూ ఉండవు. దీనికి కాలేజీలో చదవక్కర్లేదు. పొద్దుటినుంచీ ఈ ఒక్క లెక్కే వేస్తున్నాను.

ఆయన నిజంగా అడిగాడో, నా కోసం అమ్మాయి కల్పించిందో తెలియదు. కనుక్కోను.

మార్చి 25

నేననుకున్న పేరు ఇక్కడ కూడా రాయడం లేదు. మూడో ఏడు పూలు చూస్తేగానీ పెట్టకూడదన్నది మీ మాట. అవి అక్కడ పూస్తాయి. చూసినవాళ్ళే పెడతారు. పేరు ఉప్పులాంటిది కాదు, వేరుకి తగలదు.

అల్లుడు తెల్లవారుజామునే బయల్దేరతానన్నాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసే రోజు వచ్చిందని మనవరాలు వేళాకోళం చేసింది. గట్టిగా మాట్లాడితే ఆయాసం వస్తోంది కనక అతనికి చెప్పాల్సింది ఇక్కడ రాసి, ఈ ఒక్క కాగితం చింపి ఇస్తాను.

నాయనా, ఎండ రాకముందే కొయ్యి. నాకోసమని ఒక్క ముక్క కూడా మిగల్చకు, కిటికీలోంచి నేను చూస్తున్నా సరే. కత్తి సబ్బుతో కడిగి తుడుచుకో. ఆకులు తీసెయ్యి, కాడలు కొంచెం ఉండనీ, కన్నుకి దెబ్బ తగలకూడదు. మీ మామగారి పాత నూలు కండువా అలమరలో ఉంది, దాన్ని తడిపి చుట్టు. నా సీసాలో నీళ్ళతోనే తడుపు, అందుకే ఇవాళ మిగిల్చాను. బండిలో ముందు ఎండ తగిలేచోట పెట్టకు, సీటు కింద పెట్టు. దారిలో ఎవరు ఆపినా కబుర్లకి దిగకు. ఆయన టీ ఇస్తే తాగు. మీ మామగారి మీద ఏదైనా జోకు వేస్తే నవ్వు, కానీ సగమే నవ్వు. పేరు సంగతి అడిగితే, పూశాక చూసి ఆయన్నే పెట్టమన్నానని చెప్పు. ఏ పేరైనా సరే అని చెప్పు. ఆ మాట మర్చిపోకు.

వచ్చేటప్పుడు దారం కట్టిన నా సీసాలో వాళ్ళ నీళ్ళు పట్టుకురా. డాక్టరు ఇచ్చిన గుక్కల్లో ఒకటి దానికోసం దాచుకుంటాను. పట్టేముందు సీసా బాగా కడుగు. మన నీళ్ళతో కాదు, అక్కడికెళ్ళి వాళ్ళ నీళ్ళతోనే కడుగు.